సెరావే డబ్బా: మన ఎండకు, మన ఉప్పునీళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

నెల్లూరు పొగతోటలో చర్మం డాక్టరు రాసిచ్చే చీటీల్లో ఇప్పుడు మందుతో పాటు ఒక మాయిశ్చరైజర్ పేరు కూడా కనపడుతోంది. ఒంగోలులోనూ అంతే. మెడికల్ షాపు అద్దాల బీరువాలో సెరమైడ్ (చర్మంలో ఉండే ఒక రకం కొవ్వు) అని పెద్దక్షరాలతో మెరిసే డబ్బాలు వరసగా నిలబడి ఉంటాయి. వాటిలో తరచూ వినపడే పేరు సెరావే మాయిశ్చరైజింగ్ క్రీం. 2005లో అమెరికాలో మొదలైన ఈ బ్రాండు 2017లో లోరియల్ చేతికి వచ్చింది. ఈ సమీక్ష ఆ క్రీం గురించీ, దాని లోషన్ గురించీ, కొనేముందు వాటి పక్కన పెట్టి చూడాల్సిన మరికొన్ని సరుకుల గురించీ.

తీర్పు ముందే చెప్పేస్తాం. మోకాలి కింద గోరుతో గీస్తే బూడిదలా తెల్లగీత పడేవాళ్లకు, ఎగ్జిమా వచ్చి పోతూ ఉండేవాళ్లకు, అరవై దాటి ఒళ్లంతా దురద అనే పెద్దవాళ్లకు, మొటిమలకు రెటినాయిడ్ (విటమిన్-ఎ రకం మందు) రాస్తూ మొహం మండి పొట్టు లేస్తున్నవాళ్లకు ఇది కొనదగిన సరుకు. మొహం జిడ్డు ఓడే కుర్రాళ్లకు మే నెలలో ఆ క్రీం డబ్బా అక్కర్లేదు. మడమల పగుళ్లకు మాత్రమే అయితే అంత డబ్బు పెట్టొద్దు, పెట్రోలియం జెల్లీ చాలు. రోజుకు రెండుసార్లు గట్టి సబ్బుతో ఒళ్లు రుద్దుకునే అలవాటు మానకపోతే ఈ ఖర్చు నీళ్లలో పోసినట్టే.

సెరమైడ్ ఏం చేస్తుందో తెలియాలంటే ముందు చర్మం పైపొర సంగతి చూడాలి. ఒంటి మీద చాలాచోట్ల ఆ పొర మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. అందులో పదిహేను ఇరవై వరసల చచ్చిన కణాలు పేర్చి ఉంటాయి. 1983లో శాన్‌ఫ్రాన్సిస్కో చర్మ శాస్త్రవేత్త పీటర్ ఇలియాస్ దీన్ని ఇటుక గోడతో పోల్చాడు. కణాలు ఇటుకలు, మధ్యలో ఉండే కొవ్వు అడుసు. ఒంట్లో నీళ్లు బయటికి ఆవిరైపోకుండా, బయట ఉన్న సబ్బూ దుమ్మూ సూక్ష్మజీవులూ లోపలికి దిగకుండా ఆపేది ఆ అడుసే. బరువులో చూస్తే దాదాపు సగం సెరమైడ్లు, పావు వంతు కొలెస్ట్రాల్, పది నుంచి ఇరవై శాతం ఫ్యాటీ యాసిడ్లు. చర్మంలో సహజంగా ఉన్న ఈ అణువులనే, లేదా అచ్చం వాటిలాంటి వాటినే తయారుచేసి క్రీంలో కలిపితే వాటిని చర్మ సమాన లిపిడ్లు అంటున్నారు. లిపిడ్ అంటే కొవ్వే.

కొబ్బరి నూనె, నువ్వుల నూనె ఈ కోవలోకి రావు. అవి ట్రైగ్లిజరైడ్లు అనే వేరే రకం కొవ్వులు. గోడ అడుసులో వాటికి చెప్పుకోదగ్గ చోటు లేదు. మొహం మీద ఊరే జిడ్డులో ట్రైగ్లిజరైడ్లు, మైనాలు, స్క్వాలీన్ ఉంటాయి గానీ ఆ జిడ్డు గోడ మీది పూత, గోడలోని అడుసు కాదు. మొహం జిడ్డుగా ఉంటూనే సబ్బు తగిలితే మండటం, ముక్కు పక్కన పొట్టు లేవడం ఎందుకో దీంతో అర్థమవుతుంది. పైన పూత బోలెడంత ఉన్నా లోపల అడుసు రాలిపోయి ఉండొచ్చు.

ఈ రంగంలో అన్నిటికన్నా పనికొచ్చే ప్రయోగాలు 1990ల్లో ఇలియాస్ బృందం చేసినవి. ఎలుకల చర్మాన్ని ఎసిటోన్‌తో తుడిచి అడుసును కడిగేశారు. తర్వాత రకరకాల కొవ్వులు పూసి గోడ ఎంత తొందరగా పూడుకుంటుందో కొలిచారు. సెరమైడ్, కొలెస్ట్రాల్, ఫ్యాటీ యాసిడ్ అనే మూడింటిలో ఒక్కదాన్నే పూసినా, రెండింటిని కలిపి పూసినా మరమ్మతు తొందరపడలేదు సరికదా, ఆలస్యమైంది. మూడూ సమంగా కలిపితే మామూలు వేగంతో సాగింది. మూడింటిలో ఒకదాన్ని మూడు పాళ్లకు పెంచి, మిగతావి ఒక్కో పాలు ఉంచితే మామూలుకన్నా త్వరగా పూడింది. 3:1:1 అని అక్కడక్కడా కనపడే లెక్కకు మూలం ఇదే. కారణం కూడా వాళ్లే చూపించారు. పూసిన కొవ్వు పైపైన పుట్టీలా కూర్చోదు. కింద బతికున్న కణాలు దాన్ని లోపలికి తీసుకుని, తమ సొంత కొవ్వుతో కలిపి, చిన్న చిన్న పొట్లాలుగా కట్టి పైకి పంపుతాయి. ఒక సరుకు తక్కువైతే పొట్లం సరిగ్గా కట్టబడదు.

పెయింటు పనివాళ్లు చేతులకంటిన రంగును థిన్నర్‌తో తుడుచుకోవడం, ప్రకాశం జిల్లాలో పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర ఆకు జిగురు వదలడానికి కిరసనాయిలు వాడటం చూస్తే ఆ ఎసిటోన్ ప్రయోగమే గుర్తుకొస్తుంది. మురికితో పాటు అడుసూ పోతుంది. జిగురు చేతికి ముందు కాస్త వంటనూనె పట్టించి, గుడ్డతో తుడిచి, ఆపైన మెత్తటి క్లెన్సర్‌తో కడిగితే పని అవుతుంది, గోడ నిలుస్తుంది.

ఇక డబ్బా వెనక్కి తిప్పండి. సెరావే క్రీం జాబితాలో మొదట నీళ్లు, ఆ వెంటనే గ్లిజరిన్, తర్వాత సెటియరిల్ ఆల్కహాల్ లాంటి మైనపు ఆల్కహాళ్లు, కొబ్బరి మూలం నుంచి వచ్చే తేలికపాటి నూనె, పెట్రోలేటమ్ (అంటే పెట్రోలియం జెల్లీ). ఆ తర్వాత మూడు సెరమైడ్లు: ఎన్‌పీ, ఏపీ, ఈఓపీ. వాటితో పాటు కొలెస్ట్రాల్, ఫైటోస్ఫింగోసిన్, హయలురోనిక్ యాసిడ్ లవణం. సువాసన కలపలేదు, అది మంచి విషయం.

లేబుల్ చదవడంలో ఒక కిటుకుంది. ఒక శాతానికి పైన ఉన్నవాటిని ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని చివర ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ ఒక శాతం దాటదు. గ్జాంథన్ గమ్, కార్బొమర్, డైసోడియం ఈడీటీఏ మామూలుగా ఇంకా తక్కువే. ఈ పేర్లు కనపడిన చోట ఒక శాతం గీత ఉందనుకోండి. చాలా బ్రాండ్లలో సెరమైడ్లు ఆ గీతకు అటూ ఇటూ, లేదా దాని కిందే ఉంటాయి. సెరావేలోనూ పేర్లు ఆ చుట్టుపక్కలే కనపడతాయి. కాబట్టి జాబితాలో సెరమైడ్ కాస్త పైన ఉందని ఎక్కువ ఉన్నట్టు కాదు.

ఇంకో సంగతి. సెరమైడ్ ఎన్‌పీ, ఏపీ, ఈఓపీ, ఫైటోస్ఫింగోసిన్, కొలెస్ట్రాల్, సోడియం లారాయిల్ లాక్టిలేట్, కార్బొమర్, గ్జాంథన్ గమ్ — ఈ ఎనిమిది పేర్లు ఒకే డబ్బా మీద కనపడితే, తయారీదారు ముందే కలిపి ఉన్న పాలలాంటి ముడిసరుకును తెచ్చి పోశాడని అనుకోవచ్చు. ఇలాంటిదాన్ని జర్మనీ కంపెనీ ఎవోనిక్ ఎస్‌కే-ఇన్‌ఫ్లక్స్ అనే పేరుతో అమ్ముతుంది. అందుకే వేర్వేరు బ్రాండ్ల డబ్బాల మీద అదే కూర్పు కనపడుతుంది. ఇది తప్పేమీ కాదు, మంచి మిశ్రమమే. కానీ ఆ ఎనిమిదీ ఉన్న చవక డబ్బాకూ, ఖరీదైన డబ్బాకూ లిపిడ్ల విషయంలో పెద్ద తేడా ఉండకపోవచ్చు. తేడా అంతా మిగతా క్రీం తయారీలో ఉంటుంది.

సెరావే క్రీం మీద మాకున్న అభ్యంతరం ఇక్కడే. అడుసులోని మూడు కొవ్వు జట్లలో రెండు, సెరమైడ్లూ కొలెస్ట్రాలూ, పేరుతో సహా ఉన్నాయి. మూడో జట్టు, ఫ్యాటీ యాసిడ్, ఆ జాబితాలో విడిగా కనపడదు. పాళ్లెంతో చెప్పరు. స్కిన్‌సూటికల్స్ వాళ్ల ట్రిపుల్ లిపిడ్ రిస్టోర్ 2:4:2 అనే క్రీం పేరులోనే లెక్క ఉంది: సెరమైడ్లు 2 శాతం, కొలెస్ట్రాల్ 4 శాతం, ఫ్యాటీ యాసిడ్లు 2 శాతం. వయసు పైబడిన చర్మంలో కొలెస్ట్రాల్ తయారీ ఎక్కువగా కుంటుపడుతుందన్న పరిశోధన ఆధారంగా కొలెస్ట్రాల్‌ను పెంచారు. అమెరికాలో 2006లో అనుమతి పొందిన ఎపిసెరమ్ డాక్టరు చీటీ మీద ఇచ్చే సరుకు. అది ఎగ్జిమా కోసం సెరమైడ్‌ను ఎక్కువ పెట్టి 3:1:1 పద్ధతిలో చేసింది. ఆ రెండింటితో పోలిస్తే సెరావే మధ్యస్థం. అయితే చిన్న గొట్టంలో వచ్చే ఖరీదైన క్రీంను రెండు కాళ్లకూ రోజూ రాయడం ఎవరివల్లా కాదు. సెరావే పెద్ద డబ్బా బలం అక్కడుంది: చేయి వెనక్కి తీసుకోకుండా రాసుకోగలిగిన సరుకు.

మరి లిపిడ్లు ఇంత కొంచెమే అయితే క్రీం పనిచేస్తుందెలా? మొదటి వారంలో కనపడే నునుపు గ్లిజరిన్‌దీ, పెట్రోలేటమ్‌దీ, డైమెథికోన్ అనే సిలికోన్‌దీ. గ్లిజరిన్ నీటిని పట్టి ఉంచుతుంది, మిగతా రెండూ మూత వేస్తాయి. లిపిడ్ల పని నిదానం. పైపొర మొత్తం మారడానికే రెండు వారాలు పడుతుంది. కాబట్టి మూడు రోజులు రాసి అద్భుతం అన్నా, ఏమీ లేదన్నా రెండూ తొందరపాటే. నాలుగు వారాలు ఒక కాలికి రాసి, రెండో కాలికి మామూలు గ్లిజరిన్ లోషన్ రాసి చూస్తే నిజం తెలుస్తుంది. గోరు గీత పరీక్ష రెంటి మీదా ఒకే రోజు, స్నానానికి ముందు చేయండి.

చేతికి తగిలేటప్పటి సంగతి. క్రీం గట్టిగా, తెల్లగా, వాసన లేకుండా ఉంటుంది. వేలితో తీస్తే గిన్నెలో గడ్డ పెరుగులా అంచు నిలబడుతుంది. ఎక్కువ తీసి గబగబా రుద్దితే సబ్బు నురగలా తెల్లగా తేలి, చర్మం మీద అలాగే తిరుగుతుంది. ఇది కల్తీ కాదు. మైనపు ఆల్కహాళ్లూ నూనెనూ నీళ్లనూ కలిపి ఉంచే ఎమల్సిఫయరూ గాలిని పట్టుకోవడం వల్ల వచ్చే నురగ. చుక్కలు చుక్కలుగా పెట్టి, అరచేత్తో ఒత్తి, ఒకే దిక్కున వెంట్రుకల వాలు వెంబడి పరిస్తే తేలదు. లోషన్‌లో పెట్రోలేటమ్ లేదు, పలచగా ఉంటుంది, త్వరగా ఇంకుతుంది. నెల్లూరు తీరంలో మైపాడు నుంచి ఒంగోలు పక్క కొత్తపట్నం దాకా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పగలు లోషన్, రాత్రి క్రీం అనేది మా సలహా. పగలు క్రీం రాస్తే చెమటతో కలిసి జారుతుంది, మెడ వెనకా మోచేతి మడతలోనూ చెమటకాయలు లేస్తాయి.

మన దగ్గర చలి పెద్దగా ఉండదు కదా, ఇదంతా ఎందుకు అంటారు కొందరు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో పడమటి గాలి తోలే రోజుల్లో బయట గాలి పొడిగా, వేడిగా ఉంటుంది. ఆ పైన రాత్రంతా ఏసీ. బోరు నీళ్లు చాలా ఊళ్లలో ఉప్పగా, గట్టిగా ఉంటాయి. వాటిలో కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి మడ్డిగా మారి ఒంటికి పట్టుకుంటాయి. బకెట్ అంచున గట్టిపడే ఆ పొరే చర్మం మీదా ఉంటుంది. ఆ కారణంగా నీటిని మెత్తబరిచే యంత్రం కొనమని చెప్పడం లేదు. 2011లో బ్రిటన్‌లో ఎగ్జిమా పిల్లల మీద చేసిన పరీక్షలో అలాంటి యంత్రం వల్ల అదనపు మేలు తేలలేదు. మార్చాల్సింది సబ్బు. చర్మం సహజ పీహెచ్ (పులుపు, క్షారాల కొలత) ఐదుకు అటూ ఇటూ. సబ్బు బిళ్ల తొమ్మిది, పది దగ్గర ఉంటుంది. సెరమైడ్‌ను సిద్ధం చేసే ఎంజైములకు పుల్లటి వాతావరణం కావాలి. పీహెచ్ పెరిగితే అవి మందగిస్తాయి. అంటే సబ్బు ఉన్న అడుసును కడగడమే కాదు, కొత్త అడుసు తయారీనీ ఆపుతుంది. పీహెచ్ 5.5 అని రాసి ఉన్న సిండెట్ (సబ్బు కలవని) బిళ్ల గానీ, నురగ తక్కువ క్లెన్సర్ గానీ చంకలకూ గజ్జలకూ పాదాలకూ వాడి, కాళ్లకూ చేతులకూ వీపుకూ ఉత్త నీళ్లే పోసుకుంటే, సగం సమస్య డబ్బా కొనకముందే తీరుతుంది. నలుగు పిండితో గట్టిగా తోమడం కూడా పొడిబారిన కాళ్లకు మంచిది కాదు. పెళ్లినాటి నలుగు వేరు, రోజువారీ తోమడం వేరు.

రాసే పద్ధతి దగ్గర చాలామంది దెబ్బతింటారు. స్నానం గోరువెచ్చని నీళ్లతో, పది నిమిషాలు దాటకుండా. తువ్వాలుతో అద్దుకోవాలి, రుద్దకూడదు. చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే, మూడు నిమిషాల్లోపు రాయాలి. ఆలస్యమైతే మూత వేయడానికి లోపల నీళ్లుండవు. కొలతకు వేలి కొన లెక్క వాడండి. గొట్టం నుంచి చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత వరకు తీసిన క్రీం దాదాపు అర గ్రాము. డబ్బాలోంచి తీసేటప్పుడు అంతే ముద్ద అనుకోండి. ఒక చేతికి, అంటే మణికట్టు కిందికి రెండు వైపులా, ఒక కొలత. భుజం నుంచి మణికట్టు దాకా మూడు. ఒక కాలికి ఆరు, పాదానికి రెండు. మొహం, మెడ కలిపి రెండున్నర. రెండు కాళ్లూ పాదాలూ కలిపితే పదహారు కొలతలు, ఎనిమిది గ్రాములు. రోజుకొకసారి రాస్తే 340 గ్రాముల డబ్బా 42 రోజులు వస్తుంది. అదే డబ్బా నాలుగు నెలలు వచ్చిందంటే సరిపడా రాయడం లేదన్నమాట. ఎగ్జిమా బాగా ఉన్న పెద్దవాళ్లకు వారానికి అర కిలో దాకా వాడమని డాక్టర్లు చెప్పడం వింతేమీ కాదు. అలాంటివాళ్లు ధరను గ్రాములతో భాగించి పోల్చుకుని కొనాలి. చిన్న డబ్బా చవకగా కనపడినా గ్రాము లెక్కన తరచూ ఖరీదు.

చేతులతో పని చేసేవాళ్లకు ఇంకొంచెం వివరం. నెల్లూరు తీరంలో రొయ్యల ప్లాంట్లలో ఐసు నీళ్లు, క్లోరిన్ నీళ్లు, రబ్బరు గ్లౌజులు రోజంతా ఉంటాయి. చీమకుర్తి గ్రానైట్ పాలిష్ దగ్గర నీళ్లతో కలిసిన రాతి పిండి. ఇళ్లలో గిన్నెల సబ్బు. నీళ్లలో నానడం, ఆరడం, మళ్లీ నానడం వల్లే వేళ్ల సందులు చిట్లుతాయి. పనికి వెళ్లేముందు లోషన్ పలచగా రాసి, ఐదు నిమిషాలు ఆగి, పలచటి నూలు గ్లౌజు వేసి, దాని మీద రబ్బరు గ్లౌజు వేయాలి. ముద్దగా క్రీం రాసి నేరుగా రబ్బరు వేస్తే చెమట లోపలే ఆగి ఇంకా మెత్తబడి చిట్లుతుంది. లేటెక్స్ గ్లౌజులను పెట్రోలేటమ్, నూనెలు పాడుచేస్తాయి కూడా. రాత్రి పడుకునేముందు క్రీం, చిట్లిన గీతల్లో మాత్రం పెట్రోలియం జెల్లీ, ఆ పైన నూలు గ్లౌజు. యువకుల్లో చిట్లిన గోడ పూడటానికి మూడు రోజులు చాలు, వయసు మళ్లినవాళ్లకు వారం దాటుతుంది. ఆ మధ్యలో రోజూ మళ్లీ కడుగుతుంటే ఎన్నటికీ పూడదు.

పెట్రోలియం జెల్లీని చులకనగా చూడటం తప్పు. అది చర్మంలో ఉండే కొవ్వు కాదు, కణాలు దాన్ని లోపలికి తీసుకోవు. కానీ నీటి ఆవిరిని ఆపడంలో దానికి మించింది అరుదు. పైపొర సందుల్లోకి దిగి కూర్చుంటుంది. దాని కింద చర్మం తన అడుసును తానే తయారుచేసుకుంటుంది. వాసన లేనిది, ధర తక్కువ, సాధారణంగా ఎలర్జీ రాదు. లోపం ఒక్కటే, మన వేడికి పగలు మొహాన రాస్తే భరించలేం. మడమలకు, పెదాలకు, చిట్లిన వేళ్లకు సెరావేకన్నా ముందు దాన్నే సిఫార్సు చేస్తాం. ఫిజియోజెల్ క్రీం మరో దారి పట్టింది. హైడ్రోజినేటెడ్ లెసిథిన్‌తో చర్మంలోని పొరల్లాంటి నిర్మాణం కట్టి, షియా బటర్, స్క్వాలేన్, ఒక సెరమైడ్ కలుపుతుంది. మామూలు ఎమల్సిఫయర్లు తగిలితేనే మండే మొహాలకు అది బాగుంటుంది. గట్టిపడిన కాళ్లకు సెరావే క్రీం మేలు.

నూనెల సంగతి అడక్కుండా ఎవరూ ఉండరు. కొబ్బరి నూనె పొడిబారిన చర్మానికి మినరల్ ఆయిల్‌తో సమానంగా పనిచేసిందని 2004లో వచ్చిన ఒక పరీక్షలో తేలింది. తడి ఒంటి మీద పలచగా రాస్తే మంచి మూతే. పొద్దుతిరుగుడు నూనెలో లినోలెయిక్ యాసిడ్ ఎక్కువ. గోడను గట్టిగా పట్టి ఉంచే ఒక రకం సెరమైడ్ తయారీకి చర్మం వాడుకునేది అదే. ఆవనూనె, ఆలివ్ నూనెలు ప్రయోగాల్లో గోడ మరమ్మతును నెమ్మదించాయి. పసిపిల్లల మర్దనకు ఆ రెండూ వద్దు. నూనె చవక, ఇంట్లోనే ఉంది, కానీ మూడు కొవ్వుల పనిని అది చేయలేదు. నువ్వుల నూనె తలంటి పోసుకుని ఆపైన గట్టి సబ్బుతో రెండుసార్లు రుద్దితే మిగిలేదేమీ ఉండదు.

ఈ క్రీం చేయలేని పనులు కూడా ఉన్నాయి. గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి మధ్యలో మామూలుగా కనపడే తామర ఫంగస్ వల్ల వచ్చేది. దాని మీద మాయిశ్చరైజర్ రాస్తే తగ్గదు. చెమట రోజుల్లో వీపు మీదా ఛాతీ మీదా ఒకే సైజులో దురదగా లేచే చిన్న పొక్కులు మలసేజియా అనే ఫంగస్ వల్ల కావచ్చు. ఆ ఫంగస్ కొవ్వులనే తిని బతుకుతుంది. అలాంటి చోట క్రీం, నూనె రెండూ ఆపి డాక్టరుకు చూపించాలి. షాపులో ఎవరో చెప్పారని స్టెరాయిడ్ కలిసిన గొట్టం మొహానికి రోజూ రాయడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. బలమైన స్టెరాయిడ్ చర్మం సొంత కొవ్వుల తయారీనే తగ్గిస్తుంది. రాసినప్పుడు నునుపు, ఆపగానే మంట. అది డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు మాత్రమే వాడాలి. చీటీలో స్టెరాయిడూ సెరావే రెండూ ఉంటే, రెంటికీ మధ్య ఇరవై ముప్పై నిమిషాలు ఆగండి. వెంటవెంటనే రాస్తే మందు పలచబడి, అక్కర్లేని చోటికి పాకుతుంది.

కుటుంబంలో ఎగ్జిమా ఉంది, పుట్టిన బిడ్డకు రాకుండా ముందే రోజూ రాస్తాం అనేవాళ్లకు: 2020లో వచ్చిన బ్రిటన్ బీప్ అనే పరీక్షలో, మొదటి ఏడాది రోజూ మాయిశ్చరైజర్ రాసినా ఎగ్జిమా రావడం తగ్గలేదు. అక్కడ వాడినవి పెట్రోలియం నుంచి వచ్చే పారఫిన్ రకాలు, సెరమైడ్ క్రీంలు కావు. అయినా ముందుజాగ్రత్త పేరుతో ఖరీదైన డబ్బా కొనడానికి ఇది తగిన కారణం కాదు. ఎగ్జిమా ఉన్న పిల్లలకు మాత్రం మాయిశ్చరైజర్ ఆపకూడదు.

రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువ ఉన్నవాళ్లు డబ్బా మీద ఆ పేరు చూసి భయపడక్కర్లేదు. ఒంటికి రాసే ఆ కొద్దిపాటి మోతాదు గుండె లెక్కల్లోకి రాదు. శాకాహార నియమం ఉన్నవాళ్లకు ఒక మాట: సౌందర్య సాధనాల్లో వాడే కొలెస్ట్రాల్ చాలావరకు గొర్రె ఉన్ని కొవ్వు నుంచి వస్తుంది. వేగన్ (జంతువుల నుంచి వచ్చేవి కలపనిది) అని స్పష్టంగా రాసి ఉన్న డబ్బాల్లో దాని బదులు మొక్కల స్టెరాళ్లు చూడొచ్చు. సెరమైడ్లకు మూలమైన ఫైటోస్ఫింగోసిన్‌ను ఈస్టుతో పులియబెట్టి తీస్తారు.

కొత్త డబ్బా తెచ్చాక మొహానికి ఎక్కించేముందు మోచేతి మడతలో ఒకేచోట రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు రాసి చూడండి. చిట్లిన చోట మొదట్లో కాస్త చురుక్కుమనడం ఉంటుంది, నిమిషంలో పోవాలి. పావుగంట దాటి మండితే, ఎర్రబడి దద్దురు లేస్తే కడిగేసి ఆపండి. సెరమైడ్ పొడి విడిగా తెప్పించుకుని ఇంట్లో లోషన్‌లో కలిపే ప్రయత్నం వద్దు. అది బాగా వేడి చేస్తే గానీ కరగదు, చల్లారగానే గడ్డకట్టి రవ్వ రవ్వగా తేలుతుంది. రవ్వ చర్మంలోకి వెళ్లదు.

నిల్వ విషయంలో మన ఎండ క్షమించదు. మే నెలలో ట్రంకు రోడ్డున ఆపిన కారులో, బండి డిక్కీలో డబ్బా వదిలేస్తే నూనె, నీళ్లు విడిపోతాయి. మూత తీయగానే పైన నీటి చెలమ, కింద గట్టి ముద్ద కనపడితే కలిపి వాడొద్దు, పారేయండి. ప్రిజర్వేటివ్ నీటి భాగంలోనే ఎక్కువగా ఉండాలి, అది చెదిరితే సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఫ్రిజ్ అక్కర్లేదు, గోడ బీరువాలో నీడపట్టున చాలు. డబ్బాలో వేలు ముంచకుండా పొడి చెంచాతో తీయండి. స్నానాల గదిలో తడిచేత్తో తీయడం వల్లే తెల్లటి క్రీం మీద మచ్చలు వస్తాయి. తెరిచిన డబ్బా గుర్తు కింద ఎన్ని నెలలని ఉంటుందో చూసి, మూత మీద తెరిచిన తేదీ పెన్నుతో రాసిపెట్టుకోండి. ఇంట్లో నలుగురు వాడితే పంపు ఉన్న లోషన్ సీసా మేలు.

పెద్దవాళ్లకు పాదాలకు రాసిన వెంటనే గచ్చు మీద నడవనివ్వకండి. నున్నటి టైల్సు మీద జారిపడితే తుంటి ఎముకకే ఎసరు. రాశాక నూలు సాక్సు వేయించి, మంచం మీదే పావుగంట కూర్చోబెట్టండి. వంట చేసేవాళ్లు కూడా జాగ్రత్త: క్రీం, పారఫిన్ రోజూ అంటుకునే చీర కొంగు, చున్నీ, దిండు గలీబుకు నిప్పంటితే మామూలు బట్టకన్నా వేగంగా మండుతుంది, ఉతికినా ఆ జిడ్డు పూర్తిగా పోదు. బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2018లో దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. చేతులకు రాసుకున్నాక గ్యాస్ పొయ్యి దగ్గరికి వెళ్లేముందు పొడిగుడ్డతో ఒకసారి అద్దుకుని, కొంగు నడుముకు దోపుకోవాలి. రాత్రి వాడే గ్లౌజులు, సాక్సులు వారానికోసారి వేడినీళ్లలో విడిగా ఉతికి, పొయ్యికి దూరంగా ఆరేయండి.